తరుగు

ఎనుమాముల మార్కెట్ల
కాంట మీద బస్తా ఎక్కంగనే
మేం రాసిన కోడ్ కండ్లు తెరుస్తది.
నలభై రెండు కిలోల ముప్పావు. తేజ రకం.
తక్‌పట్టీ బుర్రున బయటికొస్తది.
అమ్మవోయిన కాడల్ల మేం చెప్పేది ఒక్కటే మాట:
"దీంట్ల దొంగ తరుగు ఉండదు."

మడికొండ గుట్ట కింద, మూడో అంతస్తుల
ఆరుగురం, రెండు ఫ్యాన్లు,
కాజీపేట దిక్కు గూడ్సు బండి పోతే
గజగజ వణికే ఒక కిటికీ అద్దం.
ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న అనుకోలె
మేం రాసే ఈ భాష ఎవరిదని.
భాషకు కిరాయి కడ్తరా ఎవరన్న?
దించుకున్నం, రాసినం, అమ్ముకున్నం.

కోల్డ్ స్టోరేజీవాళ్లు కొంటమన్నరు, పదకొండు కాంటలకు.
సంతకానికి ముందట వాళ్ల వకీలు సుగుణాకర్
ఒక్క కాయితం తోలిండు:
"మీ సరుకుల మీది ఎంత? మందిది ఎంత?
మందిది ఏ షరతు మీద తెచ్చుకున్నరు?
వరుసగ రాయుండ్రి."

సాంబరాజు సార్ నవ్విండు.
"ఉత్తగ దొరికినదానికి షరతేంది?"

రాత్రి కూసొని చదివిన.
భాష షరతు చిన్నదే, మూడు పేరాలు.
వాడుకో, మార్చుకో, అమ్ముకో,
నా పేరున్న ఈ ముక్క మాత్రం తీసెయ్యకు,
ఖరాబైతే నన్నడగకు.
ఇంత సల్లగ మా బ్యాంకోడు ఎన్నడన్న మాట్లాడిండా?

సంచి మీద బార్‌కోడ్ గీసే లైబ్రరీది వేరే షరతు.
పన్నెండు పేజీలు. రెండుసార్లు చదివిన.
మూడోసారికి కొంరమ్మవ్వ యాదికొచ్చింది.

మా వాడకట్టుల పాలు తోడువెట్టాలంటే
గిన్నె పట్టుకొని ఆమె గడపకే పోయేది.
చెంచెడు పెరుగు. పైసలు ముట్టదు.
"రేపు నీ ఇంటికి ఎవరన్న గిన్నెతోటొస్తే
లేదనొద్దు బిడ్డా" అనేది.
పెరుగు అమ్ముకోవద్దని అనలె.
అమ్ముకో.
కొన్నోడు తోడు అడిగితే మటుకు
మూత పెట్టొద్దు.

మేం మూత పెట్టినం.
మూతకు తాళం, తాళం మీద మా కంపెనీ బొమ్మ.

ఇంకా కిందికి పోయిన, పాత మార్పుల చిట్టాలకు.
కాంట అంకెలు చదివే ఫైలు,
నాలుగేండ్ల కిందటి ఒక మాపటీలి:
"ఫాల్తు లైన్లు తీసేసిన." పక్కన ఇమ్రోజ్ పేరు.
తీసేసినయి ఇరవై రెండు లైన్లు.
ఒక మనిషి పేరు. ఒక సంవత్సరం.
ఈ నాలుగు మాటలు దీనితోనే ఉండనియ్యుండ్రని
ఒక చిన్న విన్నపం.

ఇమ్రోజ్‌ను అడిగిన. యాదికి లేదన్నడు.
జరంతసేపటికి, స్క్రీన్ దిక్కే చూసుకుంట,
"ఫైలు బరువైతున్నదనుకున్న అక్కా" అన్నడు.

తెల్లారి మార్కెట్ల నిలవడ్డ.
పరకాల దిక్కు నుంచి వచ్చిన ముసలాయన
తక్‌పట్టీ మీద వేలు పెట్టి
ఒక్కొక్క అంకెను తడుముతున్నడు.
"గోనెకు కిలో తీసిండ్రు" అన్నడు నాతోని,
నేనెవరో తెల్వకనే.
"తీసినట్టు రాసిండ్రు. రాస్తే సరే.
రాయకుంట తీస్తరు సూడు, గదీ తరుగంటే."

నా కండ్లు మండినయి.
మిర్చి యార్డుల కండ్లు మండితే
ఎవరూ ఎందుకని అడగరు.

ఒప్పందం ఇంకా కాలె.
బార్‌కోడ్ ముక్క విప్పి చూపెడుదమంటే సార్ ఒప్పుకోలె.
మొదటికెల్లి మళ్ల రాస్తున్న. పద్దెనిమిది రోజులు.
గీతలు ఇంకా వంకర పోతున్నయి,
స్కానర్ మూగదైతున్నది.

ఆ ఇరవై రెండు లైన్లు మాత్రం
ఆ రోజే తిరిగి పెట్టిన, ఫైలు నెత్తి మీద,
ఎక్కడున్నయో అక్కడనే.
మార్పుల చిట్టా ఏం చేసినవని అడిగింది.
రెండు మాటలు రాసిన:
తరుగు వాపస్.